షుగర్ దిగింది, కాళ్ల మంటలు ఎక్కాయి

మూడు నెలల కిందట హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 12.4. ఇప్పుడు 7.1. రిపోర్టు చూసి డాక్టర్ మెచ్చుకున్నారు, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకున్నారు. ఆ మనిషి మాత్రం రాత్రి రెండింటికి మంచం మీద లేచి కూర్చుని, దుప్పటి అంచు బొటనవేలికి తగలకుండా చేత్తో ఎత్తి పట్టుకుంటున్నాడు. పల్చటి దుప్పటే. అయినా తగిలితే నిప్పుకణిక రాసినట్టుంది. చల్లటి గచ్చు మీద అరికాళ్లు ఆనిస్తే రెండు నిమిషాలు ప్రాణం లేచొస్తుంది, ఆ తర్వాత ఆ చల్లదనమే సూదులై గుచ్చుతుంది. తెల్లారాక ఆయన అనే మాట ఒక్కటే: “షుగర్ మూడొందలున్నప్పుడే హాయిగా ఉన్నాను. ఈ మందులు మొదలెట్టాకే నా కాళ్లు ఇలా అయ్యాయి.”

ఆయన్ని నేను కల్పించాను గానీ ఆ మాట కల్పన కాదు. షుగర్ ఉన్నవాళ్లు పదిమంది కూడిన చోట ఏదో ఒక రూపంలో వినబడుతూనే ఉంటుంది. అందులో సగం నిజం, సగం పొరపాటు. ఏది నిజమో ఏది పొరపాటో విడదీసుకోకపోతే ఆయన తర్వాత చేసే పని మందులు మానేయడమే.

ముందు నిజం సంగతి. షుగర్ వేగంగా అదుపులోకి వచ్చాక నరాల నొప్పి మొదలవడం అనేది ఉంది. అది మనసు కల్పించుకున్నది కాదు. మనుషులకు ఇన్సులిన్ ఇవ్వడం 1922లో మొదలైతే, 1933లోనే అమెరికాలో కారవాటి అనే డాక్టర్ ఇన్సులిన్ మొదలుపెట్టాక తీవ్రమైన నరాల నొప్పి వచ్చిన ఒక మహిళ గురించి రాశారు. ‘ఇన్సులిన్ న్యూరైటిస్’ అన్న పేరు అలా స్థిరపడింది. ఆ పేరులో రెండు మాటలూ సరికావు. న్యూరైటిస్ అంటే నరం వాచి మంటెక్కడం, ఇక్కడ జరిగేది అది కాదు. ఇక ఇన్సులిన్ అంటారా, సూది ముట్టకుండా మాత్రలతోనో, కేవలం తిండి కట్టడి చేసుకునో షుగర్ ఒక్కసారిగా దించుకున్నవాళ్లలోనూ ఇదే నొప్పి కనిపించింది. అంటే దోషం మందుది కాదు, షుగర్ దిగిన వేగానిది. ఇప్పుడు వైద్యులు దీన్ని ట్రీట్‌మెంట్ ఇండ్యూస్డ్ న్యూరోపతీ అంటున్నారు. చికిత్స తెచ్చిన నరాల జబ్బు అన్నమాట. ఈ పేరు విన్నా చికిత్స మీదే అనుమానం వస్తుంది, ఏం చేస్తాం.

దీనికి ఒక కొలత పెట్టింది బోస్టన్‌కు చెందిన క్రిస్టఫర్ గిబ్బన్స్, రాయ్ ఫ్రీమన్ అనే ఇద్దరు డాక్టర్లు. 2015లో వాళ్లు ప్రచురించిన లెక్క ప్రకారం, మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ 2 పాయింట్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోయి, ఆ తర్వాత 8 వారాల్లోపు కొత్తగా నరాల నొప్పి లేదా ఒంట్లో తనంతట తాను జరిగే పనుల్లో తేడా మొదలైతే, అది ఇదే అని అనుమానించాలి. తమ దగ్గరికి వచ్చిన 954 మందిలో 104 మందికి ఇది ఉన్నట్టు తేల్చారు. నూటికి దాదాపు 11 మంది. ఈ అంకె చూసి కంగారు పడక్కర్లేదు. అది నరాల ఇబ్బందులతో వచ్చేవాళ్లను చూసే ప్రత్యేక క్లినిక్, మామూలు షుగర్ క్లినిక్‌లో లెక్క అలా ఉండదు. అక్కడ నిజంగా ఆగి చూడాల్సింది ఇంకో సంగతి. 2 నుంచి 3 పాయింట్లు దిగినవాళ్లలో ఈ నొప్పి వచ్చే అవకాశం 20 శాతం దగ్గర ఉంటే, 4 పాయింట్లకు మించి దిగినవాళ్లలో అది 80 శాతం దాటింది. మెట్టు పెరిగే కొద్దీ దెబ్బ కూడా పెరిగింది.

మన కథలో ఆయనకు దిగింది 5.3 పాయింట్లు. దాన్ని రోజూ చూసుకునే షుగర్ అంకెల్లోకి మారిస్తే సగటు 309 నుంచి 157కి వచ్చినట్టు. అంటే సగానికి సగం. పైగా ఈ పరీక్షలో ఒక తిరకాసుంది. ఎర్ర రక్తకణం నాలుగు నెలల దాకా బతుకుతుంది కాబట్టి ఈరోజు రిపోర్టులో పాత నెలల షుగర్ కూడా కలిసే ఉంటుంది. రిపోర్టులో 7.1 కనబడిందంటే, అసలు షుగర్ అంతకంటే ముందే, అంతకంటే నిటారుగా పడిపోయి ఉంటుంది. కాళ్లకు తెలిసిన వేగం కాగితం మీద కనబడదు.

మరి మూడొందలున్నప్పుడు హాయిగా ఎందుకున్నాడు? పొరపాటు మొదలయ్యేది ఇక్కడే. ఆ హాయి ఆరోగ్యం వల్ల వచ్చింది కాదు.

కాలి బొటనవేలి చర్మంలోని నొప్పిని మోసే నరం పోగు అక్కడ పుట్టింది కాదు. దాని తల్లికణం నడుం దగ్గర వెన్నెముకను ఆనుకుని ఉంటుంది. కంటికి కనబడని ఆ చిన్న కణం నుంచి దాదాపు మీటరు పొడవు పోగు బయల్దేరి వేలి కొస దాకా వస్తుంది. పోగుకు కావాల్సిన సరుకులో చాలా భాగం తల్లికణం దగ్గర తయారై అంత దూరమూ ప్రయాణించాలి. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఈ సరఫరా కుంటుపడుతుంది, నరానికి నెత్తురు అందించే సన్న నాళాల గోడలు మందమెక్కుతాయి. కాలువలో నీరు తగ్గితే ముందు ఎండేది చివరి మడే కదా. అందుకే తిమ్మిర్లు కాలివేళ్ల దగ్గర మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతాయి, మోకాలి దాకా వచ్చేసరికి చేతివేళ్లలోనూ మొదలవుతాయి.

ఇదంతా చాలామందిలో చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది. నొప్పినీ వేడినీ మోసేవి సన్న పోగులు. స్పర్శనీ, కంపనాన్నీ, పాదం ఎక్కడ పడుతోందన్న ఎరుకనీ మోసేవి లావు పోగులు. తరచుగా ముందు దెబ్బతినేది సన్నవే. అవి కొద్దికొద్దిగా రాలిపోతుంటే మనిషికి తెలిసేదేమీ ఉండదు. మహా అయితే ‘ఈమధ్య కాళ్లు కాస్త మొద్దుబారినట్టుంటున్నాయి’ అనుకుంటాడు. అంటే షుగర్ మూడొందలున్నప్పుడు కాళ్లు బాగున్నాయని కాదు. చెడిపోతూ కూడా నోరు విప్పలేదంతే.

అలా ఉన్న నరం షుగర్ దిగగానే ఎందుకు అరుస్తుంది? దీనికి మూడు వివరణలున్నాయి. మూడింటిలోనూ విషయముంది, ఏ ఒక్కటీ కథ మొత్తం చెప్పదు.

కళ్లారా చూసి చెప్పింది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ బృందం. ఇలాంటి నొప్పి వచ్చిన ఐదుగురికి చీలమండ దగ్గర నరాన్ని తెరిచి చూసి, సోలమన్ టెస్‌ఫాయే, ఆయన సహచరులు 1996లో ఆ వివరాలు ప్రచురించారు. నరం పైపొర మీద కొత్తగా మొలిచిన సన్న రక్తనాళాల అల్లిక కనబడింది. షుగర్‌తో దెబ్బతిన్న కంటి రెటీనా మీద మొలిచే నాళాల్లాగే ఉందది. ధమని నుంచి సిరలోకి అడ్డదారులు కూడా పడ్డాయి. నెత్తురు ఆ అడ్డదారిన వెళ్లిపోతే లోపలి పోగులకు ఆక్సిజన్ అందదు. ఇంటి ముందు నుంచే పెద్ద పైపు పోతున్నా కుళాయిలో చుక్క రాని పరిస్థితి.

రెండోది ఇంధనం లెక్క. కండరాల్లా నరాలు ఇన్సులిన్ కోసం కాచుక్కూర్చోవు, నెత్తుటిలో ఎంత గ్లూకోజ్ ఉంటే అంత లోపలికి వస్తుంది. ఏళ్ల తరబడి మూడొందలకు అలవాటు పడ్డ నరానికి కొద్ది వారాల్లోనే నూట యాభై అయిపోతే, మనకు మామూలైన ఆ అంకె దానికి కరువులా తోస్తుంది. మూడోది మళ్లీ మొలకెత్తడం. చచ్చిన కొసల దగ్గర కొత్త చిగుళ్లు వచ్చి, అవి కుదురుకునే దాకా అకారణంగా సంకేతాలు పంపుతుంటాయని. ‘నరాలు చిగురిస్తున్నాయి, అందుకే నొప్పి’ అని ధైర్యం చెప్పేవాళ్లకు ఇదంటే భలే ఇష్టం. నాకు మాత్రం ఇది కాస్త తీపి ఎక్కువైన వివరణ అనిపిస్తుంది. ఈ నొప్పి ఉన్నవాళ్ల చర్మం నుంచి చిన్న ముక్క తీసి చూస్తే, సన్న పోగుల సంఖ్య మామూలు కంటే తగ్గిపోయి కనబడింది. చిగురింపు ఒక్కటే అయితే అలా ఉండకూడదు.

సన్న పోగులు మోసేది నొప్పి ఒక్కటే కాదు. గుండె వేగం, బీపీ, చెమట, జీర్ణం, మూత్రం, లైంగిక స్పందన, వీటి తీగలూ సన్నవే. అందుకే ఈ జబ్బులో కాళ్ల మంటలతో పాటు లేచి నిలబడగానే కళ్లు తిరగడం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, చెమట మరీ ఎక్కువో తక్కువో పట్టడం, అంగస్తంభన సమస్య కూడా కలిసి రావచ్చు. వీటిని డాక్టర్‌కి విడివిడిగా, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు గదుల్లో చెబితే అన్నీ ఒకే తీగవని ఎవరికీ తట్టదు. నొప్పి కూడా ఎప్పుడూ మేజోడు హద్దులోనే ఉండదు, కొందరికి పొట్ట మీదా వీపు మీదా బట్ట తగిలినా భరించలేనంతగా వస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే ఉంది. నరాల డాక్టర్ దగ్గర కరెంటు పెట్టి చేసే నర్వ్ కండక్షన్ పరీక్ష లావు పోగులను మాత్రమే పట్టుకుంటుంది. సన్నవి దానికి కనబడవు. రాత్రంతా నిద్రలేక వచ్చిన మనిషి చేతిలో ‘నార్మల్’ అన్న రిపోర్టు పెట్టి, ‘మీకేమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి’ అనడం ఎంత తేలికో. ఆ రిపోర్టుకు అర్థం లావు పోగులు బాగున్నాయని. అంతకు మించి అది చెప్పదు.

షుగర్ వేగంగా దిగితే ఇబ్బంది పడేవి నరాలొక్కటే కాదు. గిబ్బన్స్, ఫ్రీమన్ చూసినవాళ్లలో కంటి రెటీనా, కిడ్నీల దెబ్బ కూడా అదే సమయంలో ముదిరింది. కంటి సంగతి అంతకు చాలా ముందే బయటపడింది. 1983 నుంచి 1993 దాకా టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం) ఉన్న 1441 మందితో అమెరికా, కెనడాల్లో జరిగిన డీసీసీటీ అనే పెద్ద పరిశోధనలో, షుగర్‌ను గట్టిగా అదుపు చేసిన గుంపులో మొదటి ఏడాది 13.1 శాతం మందికి రెటీనా పరిస్థితి దిగజారింది. మామూలు వైద్యం అందుకున్నవాళ్లలో అది 7.6 శాతమే. అక్కడితో చదవడం ఆపేస్తే ‘చూశారా, కంట్రోలే కొంప ముంచింది’ అనొచ్చు. అదే పరిశోధన ముగిసే నాటికి గట్టిగా అదుపు చేసినవాళ్లలో నరాల జబ్బు 60 శాతం దాకా తగ్గింది, కొత్తగా రెటీనా దెబ్బ రావడం 76 శాతం తగ్గింది. మొదటి ఏడాది నష్టమూ నిజమే, ఆ తర్వాతి లాభమూ నిజమే. పై పెద్దమనిషి ఇప్పుడున్నది ఆ మొదటి ఏడాదిలో. అందుకే షుగర్ బాగా ఎక్కువున్న మనిషికి గట్టి మందులు మొదలెట్టేటప్పుడు కళ్లు కూడా చూపించమంటారు. ఆ మాటను చాలామంది ‘తర్వాత చూద్దాంలే’ అని వదిలేస్తారు.

అలాగని షుగర్ తగ్గాక వచ్చే ప్రతి తిమ్మిరినీ దీని ఖాతాలో వేయకూడదు. ఎక్కువగా దొరికే దొంగ వేరే ఉన్నాడు, బీ12 లోపం. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి, అందులోనూ ఎక్కువ మోతాదులో వాడేవాళ్లకు పేగులో బీ12 ఒంటబట్టడం తగ్గుతుంది. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు, కొన్నేళ్లకు పడుతుంది. అప్పుడు వచ్చే తిమ్మిర్లు అచ్చం షుగర్ తిమ్మిర్లలాగే ఉంటాయి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా నరాలకు దెబ్బ తగిలి ఉండొచ్చు, కాబట్టి ‘రక్తం బాగానే ఉంది’ అనుకుని వదిలేయకుండా బీ12 విడిగా చూపించుకోవాలి. దొరికితే తేలిగ్గా సరిదిద్దుకోగలిగింది ఇదే. నడకలో తూలు, చీకట్లో పాదం ఎక్కడ పడుతోందో తెలియకపోవడం ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు.

థైరాయిడ్, మద్యం, కిడ్నీలు దెబ్బతినడం కూడా తిమ్మిర్లు తెస్తాయి. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే అది మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం. షుగర్ ఉన్నవాళ్లలో అది మామూలు కంటే ఎక్కువ. షుగర్ 70 కంటే కిందకి పడినప్పుడు పెదాల చుట్టూ జివ్వుమంటూ చేతులు వణికి చెమటలు పట్టడం వేరే సంగతి, అది నిమిషాల్లో వచ్చి తీపి తీసుకోగానే పోతుంది. ఒక కాలికే రావడం, కాలు ఎత్తలేని బలహీనత, మూత్రం, మలం మీద పట్టు తప్పడం ఉంటే ఇంట్లో కూర్చుని ఇలాంటి వ్యాసాలు చదవకూడదు, వెంటనే వెళ్లాలి.

తేడా పట్టుకోవడానికి అన్నిటికంటే పనికొచ్చేవి తేదీలు. మందు ఎప్పుడు మొదలైంది, హెచ్‌బీఏ1సీ ఏ నెలలో ఎంత, మొదటి మంట ఏ వారంలో వచ్చింది, ఈ మూడూ ఒకే కాగితం మీద రాసుకుని వెళ్తే డాక్టర్‌కు సగం పని తప్పుతుంది. ఆరు నెలలుగా 7 దగ్గర నిలకడగా ఉండి ఇప్పుడు తిమ్మిర్లు మొదలైతే ఆలోచన బీ12 వైపు తిరగాలి. నాలుగైదు పాయింట్లు దిగిన నెలన్నరకు అకస్మాత్తుగా, భరించలేనంతగా వస్తే మాత్రం పైన చెప్పిన జబ్బు వైపే. ఏళ్ల క్రితమే కొద్దిగా ఉన్నది నెమ్మదిగా పెరుగుతుంటే అది మామూలు షుగర్ నరాల జబ్బు.

ఇక వచ్చేసిన నొప్పిని ఏం చేయాలి? షుగర్‌ను మళ్లీ పైకి తోలడం దారి కాదు. పడటం ఒక దెబ్బ అయితే పడి లేచి మళ్లీ పడటం ఇంకా పెద్ద దెబ్బ. వచ్చిన చోట నిలకడగా ఉంచడం, ఎగుడుదిగుళ్లు తగ్గించడం ముఖ్యం. కొన్నాళ్లు లక్ష్యాన్ని కాస్త సడలించాలా అన్నది డాక్టర్ చూసి చెప్పాల్సిన మాట, మనంతట మనం మాత్ర మింగకుండా వదిలేయడం అందులోకి రాదు. ఇన్సులిన్ ఆపితే ప్రాణం మీదికొచ్చే టైప్ 1 వాళ్లకైతే ఆ ఆలోచనే ప్రమాదం.

నొప్పికి పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి పెద్దగా పనిచేయవు. ఐబుప్రొఫెన్ రోజూ మింగితే కిడ్నీలకు చేటు కూడా. పనిచేసేవి వేరే కోవలోవి: ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్. వీటిలో కొన్ని డిప్రెషన్‌కీ, కొన్ని మూర్ఛకీ వాడే మందులు కావడంతో చీటీ చూసి ‘నాకు పిచ్చి అనుకుంటున్నారా’ అని నొచ్చుకునేవాళ్లుంటారు. నరం పంపే తప్పుడు సంకేతాన్ని దారిలో తగ్గించడానికే ఇక్కడ వీటిని వాడతారు. షుగర్ నరాల నొప్పి మీద వీటిని పోల్చి చూసిన ఆప్షన్ డీఎం అనే పరిశోధన 2022లో వచ్చింది, దాని వెనక ఉన్నదీ ఆ టెస్‌ఫాయేనే. అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రీగాబాలిన్ దేనితో మొదలెట్టినా, చాలకపోతే రెండోది కలిపినా, ఫలితం దాదాపు ఒకటే: పదికి ఆరున్నర దగ్గరున్న నొప్పి మూడు చిల్లరకు వచ్చింది. నొప్పి మాయం కాలేదు, సగమైంది. ఇది ముందే తెలిస్తే ‘వారమైంది, ఇంకా పోలేదు’ అని మందు విసిరేయడం తగ్గుతుంది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయన్న సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి, ఎందుకంటే అమిట్రిప్టిలిన్ దాన్ని ఇంకా పెంచుతుంది.

‘నరాల బలానికి’ అని ఎవరికి వాళ్లు కొనుక్కునే బీకాంప్లెక్స్ మాత్రల గురించి ఒక మాట. లోపం లేనివాళ్లకు వాటివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా వాటిలో ఉండే బీ6 పెద్ద మోతాదులో నెలల తరబడి పడితే అదే నరాలను పాడుచేసి తిమ్మిర్లు తెస్తుంది. తిమ్మిరి తగ్గాలని వేసుకున్న మాత్రే తిమ్మిరి తేవడం కంటే విడ్డూరం ఏముంటుంది!

ఎన్నాళ్లు? ఇది అడగని మనిషి ఉండడు. ఈ జబ్బులో చాలామందికి నెలలు గడిచే కొద్దీ తగ్గుముఖం పడుతుంది, ఏడాదిన్నర, రెండేళ్లు కూడా పట్టొచ్చు. టైప్ 1 ఉన్నవాళ్లు ఎక్కువగా కోలుకున్నట్టు కనబడింది. నరం పెరిగే వేగం రోజుకు ఒక మిల్లీమీటరు దగ్గర, అందులోనూ షుగర్ తిన్న నరానికి ఓపిక తక్కువ. ఈలోగా దుప్పటి కాళ్లకు తగలకుండా మంచం చివర చిన్న అట్టపెట్టె పెట్టుకుని దాని మీదుగా కప్పుకోవడం లాంటి చిట్కాలు కూడా నిద్రకు సాయపడతాయి. వేడినీళ్లలో కాళ్లు పెట్టడం మాత్రం వద్దు. మంట తెలిసే కాలికి వేడి తెలుస్తుందన్న గ్యారంటీ లేదు, బొబ్బలెక్కాక గానీ తెలియదు.

ఇంకా మొదలుపెట్టని వాళ్లకు, అంటే షుగర్ చాలా ఎక్కువున్నట్టు ఇప్పుడే తెలిసినవాళ్లకు, ఏళ్ల తరబడి ఇన్సులిన్ ఎగ్గొట్టి మళ్లీ దారిలోకి వస్తున్నవాళ్లకు, బరువు బాగా పడిపోతున్నవాళ్లకు, మూడు నెలలకు 2 పాయింట్లు మించకుండా దించుకుంటూ రావడం మేలని చాలామంది నిపుణులు సూచిస్తారు. గర్భం, ఆపరేషన్, ఇన్సులిన్ చాలక ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు పెరగడం లాంటివి ఉంటే అంత నిదానం కుదరదు, అప్పుడు నొప్పి సంగతి తర్వాత.

మన పెద్దమనిషి ఏడాది తర్వాత మళ్లీ డాక్టర్ దగ్గరికి వచ్చాడనుకుందాం. మంటలు పోయాయి, దుప్పటి మామూలుగా కప్పుకుంటున్నాడు. డాక్టర్ కళ్లు మూసుకోమని, చేపల గాలపు దారం లాంటి నైలాన్ పోగును అరికాలి మీద వంగేదాకా ఆనిస్తారు. 10 గ్రాముల బరువు మోపినంత ఒత్తిడి అది. తగిలిన ప్రతిసారీ ‘ఊఁ’ అనాలి. నొప్పి పోవడానికి రెండు దారులున్నాయి, నరం కోలుకోవడం ఒకటి, నరం పూర్తిగా మొద్దుబారడం రెండోది. బొటనవేలి కింద, మడమ ముందు, వేళ్ల మొదట్లో పోగు వంగుతుంటే, ఆ గదిలో డాక్టర్ చెవి పెట్టి వింటున్నది ఆ ‘ఊఁ’ కోసమే.